సగం పోయి తెగిన కబురు

వాగుగూడ, ఆదిలాబాద్ జిల్లా
4 జూన్ 2025

ప్రణతీ,

ఆశీస్సులతో మొదలుపెడదామని కలం పట్టాను కానీ చెయ్యి ఒప్పలేదు. అందుకే ఒట్టి పేరుతో మొదలుపెట్టాను. ఫోన్ ఎందుకు చేయలేదని అడగకు. ఫోన్‌లో అయితే నా మాటను నడుమనే కోస్తావు. కాగితాన్ని కోయలేవు. చింపితే చింపుతావు, అదీ చదివాకే.

నిన్న పొద్దున మీ ఇంటి హామ్ రేడియో స్టేషన్‌కు మెయిల్ పంపాను. సగం పోయి తెగిపోయింది. మళ్లీ పంపితే మళ్లీ తెగింది. ఏడేళ్లుగా ఇదే కంప్యూటర్, ఇదే రేడియో, ఇదే ప్రోగ్రామ్, ఒక్కనాడూ ఇట్లా కాలేదు. వంశీకి ఫోన్ చేస్తే కాసేపు నసిగి, "ప్రణతి కొత్త వెర్షన్ ఎక్కించిందక్కా" అన్నాడు. ఎవరిని అడిగి ఎక్కించావు? నా తమ్ముణ్ని కట్టుకున్నావు సరే, మా బాపు పెట్టిన స్టేషన్‌ను కూడా కట్టుకున్నావా?

నువ్వు కరీంనగర్‌లో ఏసీ కింద కూర్చుని కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లు పరీక్ష చేస్తావు. నీకు ఇదీ అట్లాంటిదే కావచ్చు. నేను ఈ గుట్టల్లో ఆశ్రమ పాఠశాల హెడ్‌మిస్ట్రెస్‌ను. నూట ఇరవై మంది ఆడపిల్లలు నా మీద ఆధారపడి ఉన్నారు. వాగు పొంగితే రోడ్డు పోతుంది, కరెంటు పోతుంది, దాని వెంటే ఫోన్ టవర్ పడుకుంటుంది. అప్పుడు బ్యాటరీ మీద నడిచే ఈ రేడియో ఒక్కటే దిక్కు. నేను ఇక్కడ టైపు చేసింది మీ డాబా మీది తీగకు చేరాలి. మీ కంప్యూటర్ దాన్ని ఇంటర్నెట్‌లో వేసి కలెక్టరేట్‌కో ఆసుపత్రికో పంపాలి. నిరుడు మా వంటమనిషి గంగుబాయికి గుండెనొప్పి వచ్చినప్పుడు అట్లా పంపిన కబురుకే పడవ వచ్చింది. ఆమె ఇవాళ కూడా పిల్లలకు జొన్నరొట్టెలు కొడుతోంది.

వానలు పడేలోపు పాతది తిరిగి పెట్టు.

ప్రమోదిని


మంకమ్మతోట, కరీంనగర్
11 జూన్ 2025

వదినకు నమస్కారం.

మీరు ఆశీస్సులు ఎగ్గొట్టినా నేను నమస్కారం ఎగ్గొట్టను. మా ఇంట్లో పెంపకం అట్లాంటిది.

స్టేషన్ మామయ్య పెట్టారు, కాదనను. కానీ గాలికి తీగ తెగితే డాబా ఎక్కేది నేను. పిడుగు పడితే ఫ్యూజు మార్చేది నేను. మీ తమ్ముడు కింద నిలబడి "పైలం ప్రణతీ" అంటారు. అంతవరకే ఆయన స్టేషన్.

పాతది ఏడేళ్లు ఆగలేదన్నారు. మీ దగ్గర ఆగలేదు. ఇక్కడ ఎన్నిసార్లు ఆగిందో మీకు తెలియదు. నిరుడు గోదావరి పొంగిన రోజున మంథని వైపు నుంచి ఎవరో ఫొటో జతచేసి పంపారు. అంతే, ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. పైకి చూస్తే తెర వెలుగుతూనే ఉంది, పిలిస్తే పలుకుతూనే ఉంది, లోపల మాత్రం ఒక్క కబురూ బయటికి పోలేదు. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. బతికున్నట్టు నటించే స్టేషన్ కంటే చచ్చిన స్టేషన్ నయం, దాన్ని ఎవరూ నమ్ముకోరు. కొత్త వెర్షన్ అట్లా బిగుసుకోదు. కాకపోతే పాతవాళ్ల భాష దానికి పూర్తిగా అర్థం కాదు, అందుకే సగంలో వదిలేస్తుంది. మిగతా స్టేషన్లవాళ్లు అందరూ మారారు. మీరు కూడా మారండి. అది మానేసి మన రేడియో క్లబ్ గ్రూపులో "కరీంనగర్ స్టేషన్‌ను నమ్మవద్దు" అని పెట్టారట. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

మీ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? ఇది మర్యాదకు అడిగింది కాదు, నిజంగానే అడుగుతున్నా.

ప్రణతి


వాగుగూడ
20 జూన్ 2025

ప్రణతీ,

మోకాళ్లు నా ఒంట్లోనే ఉన్నాయి. వాటి సంగతి నేను చూసుకుంటాను.

మారండి అని ఎంత సులభంగా రాశావు! ఇక్కడి కంప్యూటర్ బడిది. దాని మీద డిపార్ట్‌మెంట్ వాళ్ల ముద్ర ఉంటుంది, వచ్చే ఏడాది దాకా కొత్తది ఇవ్వరు. అయినా నీ మాట పట్టుకుని కొత్త వెర్షన్ ఎక్కించి చూశాను. తలుపు తీసి, నా మొహం చూసి, మళ్లీ వేసుకున్నట్టు తెరుచుకున్న వెంటనే మూసుకుంటోంది. పైగా రేడియోకూ కంప్యూటర్‌కూ నడుమ ఉండే నా మోడెమ్ పెట్టె పాతదానితో తప్ప మాట్లాడదు. నాది మొండితనం అనుకుంటున్నావు కదా. పరికరం మొండిదైతే మనిషిని ఏమంటావు?

నాకు అసలు సంగతి తెలుసు. మీ గృహప్రవేశం నాడు చుట్టాలకు స్టేషన్ చూపిస్తూ "ఇది మా వంశీ కట్టుకున్నది" అన్నాను. నీ పేరు చెప్పలేదు. ఆ రోజు నుంచి నీ మొహంలో ఒక ముల్లు ఉంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నీ బాధ వెర్షన్ గురించి కాదు.

ఇక నుంచి రోజూ పొద్దున పాతదానితోనే పిలుస్తాను. తెగిన ప్రతిసారీ తెరను ఫొటో తీసి క్లబ్ గ్రూపులో పెడతాను. నూరు మంది చూడనీ.

ప్రమోదిని


కరీంనగర్
1 జూలై 2025

వదినకు నమస్కారం.

చూశారు, నూరు మంది కాదు గానీ చూడాల్సినవాళ్లు చూశారు. క్లబ్ మీటింగులో నన్ను నిలబెట్టి అడిగారు. క్లబ్‌లో పెద్దావిడ ఉమ్రావ్ బేగం గారు ఒక్కరే నా తరఫున మాట్లాడారు. మిగతావాళ్లు మీ ఫొటోలు తిప్పుకుంటూ నవ్వారు. ఉదయం తెర మీద మీ స్టేషన్ కాల్‌సైన్ కనిపిస్తే చాలు, అక్కడి నుంచి లేచిపోతున్నా. సగం దాకా వచ్చి తెగడం, మళ్లీ రావడం, మళ్లీ తెగడం. దీన్ని రేడియో అనరు, తలుపు కొట్టి పారిపోవడం అంటారు.

గృహప్రవేశం సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. అవును, ముల్లు ఉంది. మామయ్య స్టేషన్‌ను కొత్త ఇంటికి మార్చినప్పుడు ఆ స్తంభం నిలబెట్టడానికి నేను ఎండలో నిలుచున్నాను. మీరు ఒక్క వాక్యంలో దాన్ని తమ్ముడి చేతిలో పెట్టారు. కానీ ఆ కోపానికి పిల్లల ఆసరా తీసేసేంత నీచురాలిని కాదు. మీరు అట్లా అనుకున్నారు చూశారా, గృహప్రవేశం కంటే అది ఎక్కువ మంట.

మీ తమ్ముడు అడకత్తెరలో పోకచెక్క అయిపోయారు. అన్నం ముందు కూర్చుని "నువ్వు ఊకో, అక్కతోని నేను మాట్లాడుత. అంత సాఫ్ జేస్త" అన్నారు. చేయనివ్వండి. మన ఇద్దరి వల్ల కాలేదు.

ప్రణతి


వాగుగూడ
2 ఆగస్టు 2025

ప్రణతీ,

నీకు తెలిసే ఉంటుంది, మూడు వారాలుగా నా కబుర్లు సాఫీగా పోతున్నాయి. ఒక్కటీ తెగలేదు. ఎవరు దిగివచ్చారో, ఎందుకు దిగివచ్చారో రాయాలని నా చేతులు దురద పెడుతున్నాయి. కానీ వంశీ ఒట్టు వేయించుకున్నాడు. "అక్కా, నీ పని అయింది గద. ఇగ గా ముచ్చట ఆమె దగ్గర ఎత్తకు, చిన్నబోతది" అన్నాడు. తమ్ముడి మాటకు విలువ ఇచ్చి ఊరుకుంటున్నాను. ఫొటోలు పెట్టడం కూడా మానేశాను.

రాఖీ కవర్లో పెట్టాను. అది వంశీకి. నీకు పెట్టినవి గంగుబాయి చేసిన నువ్వుల లడ్డూలు. ఆమె పంపమంటే పంపాను, నేను చెప్పి చేయించానని అనుకోకు.

వాన మొన్నటి నుంచి పట్టుకుంది. వాగు ఎర్రగా తిరిగింది. అయినా ఈసారి నాకు భయం లేదు.

ప్రమోదిని


కరీంనగర్
14 ఆగస్టు 2025

వదినకు నమస్కారం.

లడ్డూలు బాగున్నాయి. గంగుబాయికి చెప్పండి. రాఖీని మీ పేరు చెప్పి మా పాపతో కట్టించాను.

ఎవరు దిగివచ్చారో నాకూ తెలుసు. నన్నూ ఎత్తిపొడవవద్దన్నారు. "పెద్దామె, ఒక మెట్టు దిగింది. నువ్వు గది గుర్తు చేయకు" అన్నారు మీ తమ్ముడు. సరే, చేయను. మీరు ఫొటోలు మానేశారు, నా తెర మీద తెగిన పిలుపులు ఆగిపోయాయి. నాకు అదే చాలు. జీవితంలో మొదటిసారి మన మధ్య ఒక పని గొడవ లేకుండా తెమిలింది. అందుకు ఆయనను మెచ్చుకోవాల్సిందే.

ఆయన రాజన్న మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ పోయారు, అటు నుంచి అటే ఆఫీసు పని మీద హైదరాబాద్. ఇల్లు ఖాళీగా ఉందని సర్దుడు పెట్టుకున్నాను. మెట్ల కింది గదిలో పాత కంప్యూటర్, మామయ్య కాలం నాటి రేడియో కరెంటు మీద నడుస్తూనే ఉన్నాయి. ఎప్పుడు పెట్టి మరిచిపోయారో. దాని రొద నా రిసీవర్‌లో పడుతోంది. అందరూ కొత్తదానికి మారాక దాంతో ఏం పని? ప్లగ్ పీకి పక్కన పెట్టేశాను. ఇప్పుడు నా రిసీవర్ నిశ్శబ్దంగా, హాయిగా ఉంది.

పిల్లలు జాగ్రత్త.

ప్రణతి


ఆదిలాబాద్, ఆసుపత్రి ఎదుటి లాడ్జి
24 ఆగస్టు 2025

ప్రణతీ,

నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరు రాశాను.

పదహారో తారీఖు పొద్దున మమతారాణిని పాము కరిచింది. ఎనిమిదో తరగతి పిల్ల. బాత్రూముల వెనక తడి కట్టెల కింద రక్తపింజర ఉంది. అప్పటికే వాగు రోడ్డు మీదికి ఎక్కింది. కరెంటు లేదు, టవర్ లేదు. నేను రేడియో ముందు కూర్చున్నాను. గుండె నిబ్బరంగానే ఉంది, ఎందుకంటే ఐదు వారాలుగా అన్నీ పోతున్నాయి. "పడవ పంపండి, పాము మందు పంపండి" అని టైపు చేసి, జూలైలో వంశీ ఇచ్చిన కొత్త ఫ్రీక్వెన్సీ మీద పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు.

అప్పుడు మీ మొదటి ఫ్రీక్వెన్సీకి పోయాను. అక్కడ నీ స్టేషన్ పలికింది, ప్రణతీ. పలికి, సగం విని, తెంపింది. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు తెంపింది. మధ్యాహ్నం దాకా పిలిచాను. ఆ పిల్ల పక్క గదిలో పడుకుని, కాలు ఉబ్బిపోతుంటే పళ్లు బిగబట్టి అడుగుతోంది: "మేడం, కబురు పోయిందా?" పోయింది బిడ్డా, పడవ వస్తోంది అని చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

నీళ్లు జర తగ్గాక వాచ్‌మన్ హనుమంతు, గూడెంవాళ్లు కలిసి మంచం మీద వాగు దాటించారు. ప్రాణం దక్కింది. మోకాలి కింద సగం దాకా తీసేశారు. డాక్టర్ "జర ముందు తెచ్చి ఉంటే" అని, నా మొహం చూసి ఆగిపోయాడు. వాళ్ల అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. తిట్టి ఉంటే నాకు ఇంత నరకం ఉండేది కాదు.

పాతదే నడిపిస్తానని ఒప్పుకుని మళ్లీ ఎందుకు మార్చావు? నాకు చెప్పకుండా, వాగు పొంగే రోజు చూసి మార్చావా? నీ మీద నాకు ఎప్పుడూ కోపమే ఉండేది. ఇప్పుడు ఉన్నది కోపం కాదు, అసహ్యం. జవాబు రాయకు.

ప్రమోదిని


కరీంనగర్
30 ఆగస్టు 2025

వదినకు,

ఈసారి నమస్కారం రాయడానికి నాకే చెయ్యి రాలేదు. జవాబు రాయొద్దన్నారు. రాస్తున్నా.

పాతది నడిపిస్తానని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. మీరు వేరే కంప్యూటర్, మోడెమ్ సంపాదించి కొత్త వెర్షన్‌కు మారారని, దగ్గరి స్టేషన్ ద్వారా పంపుతున్నారని మీ తమ్ముడు నాకు చెప్పారు. నేను పాతది తిరిగి పెట్టానని మీకు చెప్పారు. రెండూ అబద్ధాలే. నాకు తెలియకుండా మీ ఒక్కరి కోసం మెట్ల కింద పాతది విడిగా పెట్టి, మీకు వేరే ఫ్రీక్వెన్సీ ఇచ్చారు. ఏదో పాత సామాను అనుకుని ప్లగ్ పీకింది నేను. పద్నాలుగున మీకు రాసిన ఉత్తరంలోనే ఆ సంగతి ఉంది. మీ బడికి అది ఎప్పుడు చేరిందో తెలియదు.

మీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. తల వంచుకుని, "ఇద్దరు ఖుష్ ఉంటరని జేసిన ప్రణతీ. ఎవల మాట తక్కువ గావద్దని" అన్నారు. ఇద్దరం ఖుషీగానే ఉన్నాం, నిజమే. ఐదు వారాలు ఎంత ఖుషీగా ఉన్నామో! ఆయనతో నేను మాట్లాడటం లేదు. మీ సంగతి మీ ఇష్టం.

కానీ మొత్తం ఆయన మీద తోసి నేను చేతులు కడుక్కోను. పదహారో తారీఖు పొద్దున మీ కాల్‌సైన్ నా తెర మీద కనిపించింది. చాలాసార్లు కనిపించింది. సగం వచ్చి తెగుతుంటే, "మళ్లీ పాతది తీశారు, మళ్లీ క్లబ్బుకు ఫొటోలు పెడతారు" అనుకున్నాను. ఒళ్లు మండింది. లేచి వంటింట్లోకి పోయి పప్పులో పోపు పెట్టుకున్నాను. వాన పడుతోందని తెలుసు. మీకు ఫోన్ కలవదని తెలుసు. అయినా పోయాను. ఆ పోపు వాసన ఇప్పుడు నాకు పడటం లేదు.

మిమ్మల్ని కూడా వదిలిపెట్టను. ఉత్తుత్తి పిలుపులతో నాకు మీ పిలుపు మీద విలువ లేకుండా చేసింది మీరే. ఇక ఆగస్టులో ఒట్టు వేశానని నోరు కట్టుకున్నారు. వదినా, నన్ను ఎత్తిపొడవడం మీకు ఊపిరి తీసుకున్నంత సులభం. ఆ ఒక్క ఉత్తరంలో "చివరికి నువ్వే పాతదానికి దిగివచ్చావు కదా" అని ఒక్క ముక్క రాసి ఉంటే, నేను ఎగిరిపడి ఎదురు రాసేదాన్ని, అబద్ధం ఆ రోజే బయటపడేది, ఆ పిల్లకు కాలు ఉండేది. మన ఇళ్ల సంబంధం కలిసిన నాటి నుంచి మీరు నాతో మంచిగా ఉన్నది ఆ ఒక్కసారే. నేనూ అంతే. అదే మన కొంప ముంచింది.

మెట్ల కింద ఉన్న పాతదాన్ని పైకి తెచ్చి నా బల్ల మీద, నా కళ్ల ముందు పెట్టాను. అది బిగుసుకుంటే దానంతట అదే మళ్లీ మొదలయ్యేటట్టు ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. దాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను. మీరు బడికి తిరిగి పోయిన మరునాటి నుంచి రోజూ ఉదయం ఏడింటికి మీరు ఒక కబురు పంపాలి. చదివి, నా చేత్తో నేను జవాబు ఇస్తాను. ఆయన ఇవ్వరు, యంత్రం ఇవ్వదు. నా జవాబు రాకపోతే కబురు పోలేదన్నట్టే లెక్క. ఎవరు ఏం చెప్పినా నమ్మవద్దు.

మీరంటే నాకు ఇప్పటికీ పడదు. ఏడింటికి పలకండి.

ప్రణతి


వాగుగూడ
12 అక్టోబరు 2025

ప్రణతీ,

రోజూ ఏడింటికి మనం మాట్లాడుకుంటున్నదే చాలు, మళ్లీ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఇది రేడియోలో రాసేది కాదు.

వంశీ ఫోన్ చేస్తున్నాడు. ఎత్తుతున్నాను, వింటున్నాను, పెట్టేస్తున్నాను. ఏడుస్తాడు. తమ్ముడు కాబట్టి వింటున్నాను. వాడిని నువ్వు ఏం చేసుకుంటావో నీ ఇష్టం, నేను నడుమ రాను. నీ వంటింటి సంగతి చదివాను. క్షమించాను అని రాయలేను. క్షమించాల్సింది నేనూ కాదు, నా ఫొటోల సంగతి నాకు తెలుసు.

మమతారాణి బతుకమ్మ సెలవుల తర్వాత బడికి వచ్చింది. రాదనుకున్నాం. చంక కింద కర్రతో, వాళ్ల అవ్వ వెంట బస్సు దిగింది. మిగతా పిల్లలు దారి ఇచ్చి దూరంగా నిలబడ్డారు. నేను ఎదురు పోయి సంచి అందుకోబోతే ఇవ్వలేదు. నావైపు చూడటం లేదు. పాఠం అడిగితే చెబుతుంది, అంతే.

నిన్న ఏడింటికి నేను రేడియో ముందు కూర్చుంటే ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గర నిలబడి ఉంది. కుర్చీ జరిపాను. కూర్చోలేదు. కబురు పంపాను. పోయింది. "పోయింది బిడ్డా" అన్నాను.

"గా రోజు గూడ పోయిందన్నరు" అంది.

ఆ పిల్ల ముందు ఏమని ఒట్టు పెట్టుకోను? పంపినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు చూపించాను. "గది మిషిన్ మేడం" అంది. పోవడానికి కర్ర తిప్పుకుంది. ఇంతలో నీ జవాబు వచ్చింది. జర ఆగు బిడ్డా అని, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. "చేరింది. మీ కంప్యూటర్ గడియారం మళ్లీ వెనకబడింది. మొన్ననే చెప్పాను. ఒక్కసారి చెబితే వినే అలవాటు మీ పుట్టింట్లో ఎవరికీ లేదా?"

పిల్ల నా మొహం చూసింది. వచ్చిన తర్వాత మొదటిసారి చూసింది.

"ఎవలు మేడం గామె? మిమ్మల్ని గట్ల తిడుతున్నది?"

"మా తమ్ముని పెండ్లాం. కరీంనగర్‌ల ఉంటది."

"మీరంటే ఆమెకు పడదా?"

"పడదు బిడ్డా."

ఆ పిల్ల కర్రను గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని, "అయితే నిజంగనే చేరింది" అంది.

ప్రమోదిని